మోకాలి నొప్పి పుట్టిన తేదీ

"ఇవాళ్టి నుంచి ఏ మాజీ సైనికుడి మోకాలూ అనాథ కాదు" అని మాజీ సైనికుల సంక్షేమ శాఖ మంత్రిగారు ప్రకటించారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతు పూడుకుపోయింది. పక్కనున్న అధికారి ముందే సిద్ధంగా పెట్టుకున్న మంచినీళ్ళు అందించారు. నీళ్ళు తాగి, గొంతు సర్దుకుని, పథకం పేరు బయటపెట్టారు: 'మీ మోకాలు, మా బాధ్యత'. కీళ్ళవాతంతో బాధపడుతూ వైకల్య సర్టిఫికెట్ కోసం అప్పీలు పెట్టుకున్న ప్రతి సైనికుడి సంగతీ ముప్పై రోజుల్లో తేల్చేస్తామన్నారు. ఒక విలేకరి లేచి, ఇప్పటిదాకా ఎన్ని అప్పీళ్ళు పేరుకుపోయాయని అడిగాడు.

"అది దేశ భద్రతకి సంబంధించిన సంఖ్య" అన్నారు మంత్రిగారు.

నిజమే కదా. మనవాళ్ళలో ఎంతమందికి మోకాళ్ళు వంగడం లేదో శత్రువుకి తెలిసిపోతే ఇంకేమన్నా ఉందా. ఇంత ముందుచూపున్న మనిషి మంత్రిగా దొరకడం ఆ శాఖ చేసుకున్న అదృష్టం.

ఈ ప్రకటన టీవీలో వస్తున్నప్పుడు తీగలాయన మాజీ సైనికుల క్వార్టర్స్‌లో, మూడో అంతస్తులో, రెండు దిళ్ళ మీద కాళ్ళు చాపుకుని కూర్చుని ఉన్నాడు. సైన్యంలో ఇరవై రెండేళ్ళు టెలిఫోను తీగలు లాగాడు కాబట్టి ఆ పేరు. తీగచుట్ట వీపుకి కట్టుకుని కొండ ఎక్కడం, తీగ వదులుతూ అవతలివైపు దిగడం, అదీ ఉద్యోగం. రిటైరయ్యాక కూడా క్వార్టర్స్‌లో ఎవరింట్లో లైటు వెలగకపోయినా ఆయనే వెళ్ళి బాగుచేసేవాడు. ఇప్పుడు వెళ్ళలేడు. జనమే ఫ్యాన్లూ, ఇస్త్రీపెట్టెలూ మోసుకుని పైకొస్తున్నారు.

కింది ఇళ్ళు కాక ఆ బిల్డింగుకి అయిదు అంతస్తులు. అంతస్తుకి పద్దెనిమిది మెట్లు. లిఫ్టు లేదనడానికి వీల్లేదు. లిఫ్టు కోసం కట్టిన గూడు ఉంది, అందులో వాచ్‌మాన్ సైకిలు ఉంది, లిఫ్టు మాత్రం మంజూరు దశలో ఉంది. తీగలాయన వారానికోసారి కిందికి దిగుతాడు. దిగడానికి అరగంట, ఎక్కడానికి గంట. మిగతా రోజుల్లో బియ్యం, కూరలు, గ్యాసు సిలిండరు అన్నీ ఆయన భార్యే చూసుకుంటుంది. ఆవిడకి అరవై రెండేళ్ళు.

పోయిన నెల కింది అంతస్తులో ఒక ఇల్లు ఖాళీ అయింది. గుమ్మం ముందు ఒకే ఒక మెట్టు, కిటికీ పక్కన ఎండ పడే చోటు. రూలు ప్రకారం కింది ఇళ్ళు నలభై శాతం వైకల్య సర్టిఫికెట్ ఉన్నవాళ్ళకే ఇస్తారు. దరఖాస్తుకి వచ్చే నెలాఖరు దాకా గడువుంది.

"ఈ ముప్పై రోజుల్లో మనది తేలిపోతే ఆ ఇల్లు మనదేనండీ" అంది భార్య, టీవీ కట్టేస్తూ.

తీగలాయన క్లెయిమ్ ఇదివరకు రెండుసార్లు కొట్టేశారు. అందులో బోర్డువారి తప్పు పిసరంత కూడా లేదు. తప్పంతా ఈయనదే.

సైన్యంలో రోజూ పొద్దున్నే వరసలో నిలబెట్టి, ఆఫీసరు ఒక్కొక్కళ్ళ ముందు ఆగి, "ఏమయ్యా, ఎలా ఉన్నావ్?" అని అడిగేవాడు. దానికి జవాబు ఒకటే. "బ్రహ్మాండం సార్." కాలు బెణికినా బ్రహ్మాండమే, కడుపులో తిప్పుతున్నా బ్రహ్మాండమే. ఒకసారి ఒళ్ళు కాలిపోయే జ్వరంతో తీగలాయన ఆ మాట చెప్పి, చెప్పినచోటే కూలబడ్డాడు. ఆఫీసరు కంగారుపడి వంగి మళ్ళీ అడిగితే, కింద పడుకునే అదే జవాబు చెప్పాడు. ఆ సంవత్సరం ఆయనకి మంచి సైనికుడని కప్పు కూడా ఇచ్చారు.

మెడికల్ బోర్డు అధ్యక్షులవారు రిటైరైన జనరల్. దర్జా అయిన తెల్ల మీసం, గుండె నిండా అభిమానం. రెండుసార్లూ ఆయన ప్రేమగానే అడిగారు, "ఏమయ్యా, ఎలా ఉన్నావ్?" అని. రెండుసార్లూ తీగలాయన మడమలు వాటంతటవే దగ్గరకొచ్చాయి. 'అభ్యర్థి తన ఆరోగ్యం బ్రహ్మాండంగా ఉన్నట్టు స్వయంగా తెలిపారు' అని సూపరింటెండెంటుగారు ఫైల్లో రాసుకున్నారు. ఉన్నమాట రాయడం ఆయన డ్యూటీ.

"ఈసారి గనక మీ నోట్లోంచి ఆ మాట వచ్చిందో, నేను పెట్టే బేడా సర్దుకుని వెళ్ళి ఆ ఖాళీ ఇంటి గుమ్మంలో కూర్చుంటాను" అంది భార్య.

మర్నాటి నుంచి ఇంట్లో ప్రాక్టీసు మొదలైంది. ఆవిడ ఆయన పాత టోపీ పెట్టుకుని, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని కుర్చీలో కూర్చుంది.

"ఎలా ఉన్నారండీ?"

"నొప్పిగా ఉందే."

"చూశారా, ఎంత సులువో. కానీ ఆయన అండీ గిండీ అనడు కదా." ఆవిడ గొంతు బొంగురు చేసుకుని, బల్ల మీద ఒక్క చరుపు చరిచింది. "ఏమయ్యా, ఎలా ఉన్నావ్?"

తీగలాయన నాలుగేళ్ళుగా లేవనంత వేగంగా లేచి నిలబడ్డాడు. "బ్రహ్మాండం సార్" అన్నాడు గోడకేసి చూస్తూ. ఆ తర్వాత కెవ్వుమని మంచం మీద పడ్డాడు.

ఆవిడకి ముందు నవ్వొచ్చింది. తర్వాత కోపమొచ్చింది. ఆ తర్వాత టోపీ తీసేసి, కాపడానికి నీళ్ళు కాచింది. పదిరోజుల పాటు పొద్దునా సాయంత్రం ఈ కార్యక్రమం నడిచింది. పదో రోజున ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని, మంచం కోడు పట్టుకుని, "నొప్పి సార్" అని గొణిగాడు. ఆవిడ ఆ పూట టీలో ఇంకో చెంచా పంచదార వేసింది.

బోర్డు ఆఫీసులో ముందుగా సూపరింటెండెంటుగారి బల్ల దాటాలి.

"ఏ మోకాలు?"

"రెండూనండి."

"ఒక అప్పీలుకి ఒక మోకాలు. రెండోదానికి వేరే అప్పీలు పెట్టుకోండి."

"మరి ఇప్పుడు ఏది పెట్టమంటారు?"

"సర్వీసులో ఏది ఎక్కువ వాడారు?"

తీగలాయన గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు. కొండ ఎక్కేటప్పుడు రెండూ సమానంగానే వాడినట్టు అనిపించింది. ఆయన తికమక చూసి సూపరింటెండెంటుగారికే జాలేసింది.

"కుడిది రాస్తున్నాను. ఎడమ మోకాళ్ళకి క్యూ పెద్దదుంది" అన్నారు. ఆఫీసుల్లో మానవత్వం లేదని ఊరికే అంటారు గానీ.

లోపల జనరల్‌గారు మధ్యలో కూర్చున్నారు. ఆయనకి ఎడంపక్కన రెండు నెలల క్రితం చేరిన డాక్టరమ్మ. పాతికేళ్ళ పైన ఉంటాయేమో. తీగలాయన భార్య వరండాలో తలుపు సందులోంచి చూస్తోంది.

"ఏమయ్యా, ఎలా ఉన్నావ్?" అన్నారు జనరల్‌గారు.

తీగలాయన కళ్ళు మూసుకున్నాడు. పట్టుకోవడానికి మంచం కోడు లేదు. మడమలు టక్కుమన్నాయి.

"బ్రహ్మాండం సార్."

వరండాలో ఆవిడ నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. సూపరింటెండెంటుగారు పెన్ను మూత తీశారు.

"ఒక్క నిమిషం సార్" అంటూ డాక్టరమ్మ లేచి వచ్చింది. తీగలాయనని కుర్చీలో కూర్చోబెట్టి, తను కింద మోకరిల్లి, ఆయన కుడికాలు ఒళ్ళో పెట్టుకుంది. ఆయన సర్వీసు ఫైలు చదివినట్టుంది, నొప్పి ఊసే ఎత్తలేదు.

"తీగచుట్ట బరువెంత ఉండేది తాతగారూ?"

"పద్దెనిమిది కిలోలమ్మా. వానలో తడిస్తే ఇంకా ఎక్కువ."

"కొండ దిగేటప్పుడు ఏ కాలు ముందు వేసేవారు?"

"కుడిదే. బరువంతా దాని మీద ఆపుకోవాలి. లేకపోతే చుట్ట ముందుకి తోసేస్తుంది."

"అలా రోజుకి ఎన్నిసార్లు?" అంటూ కాలు మెల్లగా వంచింది.

"ఆరు, ఏడు... అమ్మా."

"ఏమైంది తాతగారూ?"

"నొప్పి తల్లీ. ప్రాణం పోతోంది."

ఆ మాట అనేసరికి ఆయన కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. జనరల్‌గారు కూడా రుమాలు తీసి మీసం ఒత్తుకున్నారు. వరండాలో ఆవిడ, మొగుడు నొప్పితో అరిచాడని విని, సంతోషం పట్టలేక పక్కనున్న ఎవరో ముసలాయన చెయ్యి పట్టుకుని ఊపేసింది. సూపరింటెండెంటుగారు గోడ గడియారం వంక చూసి, పదకొండూ నలభై అని రాసుకున్నారు.

తొమ్మిది రోజుల్లో ఆర్డరు వచ్చింది. పథకం అంటే అలా ఉండాలి. భార్య నిలబడే చదివింది.

"'అభ్యర్థి కుడి మోకాలిలో కీళ్ళవాతం, దానివల్ల నలభై అయిదు శాతం వైకల్యం ఉన్నట్టు బోర్డు సంతోషంతో ధ్రువీకరిస్తోంది.' ఏమండీ, నలభై అయిదటండీ."

తీగలాయన కింది ఇంటి కిటికీ పక్కన తన కుర్చీ వేసేసుకున్నాడు, మనసులోనే. ఆవిడ కాగితం తిప్పింది. తిప్పాక గొంతు తగ్గింది.

"'అయితే మా రికార్డుల ప్రకారం, రెండు పాత విచారణల్లోనూ, ఈ విచారణలో ఉదయం పదకొండూ ముప్పై తొమ్మిది వరకూ అభ్యర్థి బ్రహ్మాండంగా ఉన్నారు. కనుక నొప్పి పదకొండూ నలభైకి, బోర్డు ఆవరణలో పుట్టినట్టు తేలుతోంది. సైనిక సేవకీ దీనికీ సంబంధం లేదు. అప్పీలు తిరస్కరించడమైనది.'"

ఆవిడ అప్పుడు కూర్చుంది.

"మరి ఎనిమిదేళ్ళుగా నేను కాపడం పెడుతున్నది దేనికి?" అంది ఆవిడ.

"అది రికార్డులో లేదే" అన్నాడు తీగలాయన.

మూడు రోజులాగి ఇంకో కవరు వచ్చింది. బ్రహ్మాండంగా వచ్చిన ఒక మాజీ సైనికుడికి ప్రభుత్వ ఆవరణలో నలభై అయిదు శాతం వైకల్యం కలగడాన్ని శాఖ చాలా తీవ్రంగా తీసుకుంది. వైకల్యం కలిగిన సమయంలో ఆయన కాలు డాక్టరమ్మ చేతిలో ఉంది. కాబట్టి ఆమెని సస్పెండ్ చేసి విచారణ వేశారు. ముఖ్య సాక్షి తీగలాయన.

కవరు పట్టుకుని ఆయన సూపరింటెండెంటుగారి దగ్గరికి వెళ్ళాడు. ఆయన తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి, సొంత మనిషికి చెప్పినట్టు చెప్పారు.

"డాక్టరే నొప్పి పుట్టించిందని చెప్పారనుకోండి, ప్రభుత్వ ఆవరణలో గాయపడిన కోటా కింద మీకు సర్టిఫికెట్ వచ్చేస్తుంది. ఆ కోటాలో ఇప్పటిదాకా ఎవరూ లేరు. కింది ఇల్లు మీ చేతిలో ఉన్నట్టే."

"డాక్టరమ్మ?"

"ఆవిడ ఇంటికి పోతుంది."

"ఎప్పట్నుంచో ఉన్న నొప్పే అని నిజం చెబితే?"

"అప్పుడు మీరు బోర్డుకి మూడుసార్లు అబద్ధం చెప్పినట్టు. దానికి వేరే విచారణ. ఏడాది పడుతుంది. అంతవరకూ ఆవిడ సస్పెన్షన్‌లోనే ఉంటుంది, మీరు మూడో అంతస్తులోనే ఉంటారు."

"ఇంకో దారి లేదా సార్?"

"అసలు నొప్పే లేదనండి. పుట్టని నొప్పిని ఎవరూ పుట్టించలేరు కదా. ఆవిడ బయటపడుతుంది, మీ ఫైలు మూసేస్తాం." సూపరింటెండెంటుగారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "మొదటిదే చెప్పండి. పెద్దవారు, ఎన్నాళ్ళు ఎక్కుతారా మెట్లు?"

ఆ మాట ఇంటికొచ్చి భార్యతో చెప్పాడు. ఆవిడ గిన్నెలు తోముతూ విన్నది. తోమినవే మళ్ళీ తోమింది.

"ఆ పిల్లకి ఎంత వయసుంటుందంటారు?"

"మన చిన్నదాని ఈడే."

"నేలమీద కూర్చుని మీ కాలు ఒళ్ళో పెట్టుకుందండీ. కన్నకూతుళ్ళు కూడా అలా పెట్టుకోరు." ఆవిడ చెయ్యి కడుక్కుంది. "నా మోకాళ్ళు బాగానే ఉన్నాయిగా. ఇంకొన్నాళ్ళు సామాన్లు నేనే తెస్తాలెండి."

తీగలాయనకి ఆవిడ మీద ప్రేమ ముంచుకొచ్చింది. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో అంత ప్రేమ ఎప్పుడు కలిగిందో ఆయనకి గుర్తులేదు. పైకి మాత్రం, టీ ఉందా అని అడిగాడు.

విచారణ రోజున జనరల్‌గారు చాలా గంభీరంగా ఉన్నారు. డాక్టరమ్మ ఒక మూల బెంచీ మీద, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఈ డాక్టరు నీకు నొప్పి కలిగించిందా?"

"లేదు సార్."

"మరి ఆ రోజు నొప్పి అన్నావు కదయ్యా?"

"అన్నాను సార్. లేకుండానే అన్నాను."

"ఎందుకన్నావు?"

దీనికి ఇంట్లో ప్రాక్టీసు చెయ్యలేదు.

"చిన్నపిల్ల సార్. అంత మర్యాదగా కాలు పట్టుకుని చూస్తుంటే, ఏమీ లేదంటే చిన్నబుచ్చుకుంటుందని..."

జనరల్‌గారు కుర్చీలోంచి లేచారు. నలభై ఏళ్ళ సర్వీసులో ఇంతటి సంస్కారం చూడలేదన్నారు. సూపరింటెండెంటుగారు అదీ రాసుకున్నారు. రాస్తున్నప్పుడు ఆయన తల ఎత్తలేదు.

బయట వరండాలో డాక్టరమ్మ వెంటపడి వచ్చింది.

"తాతగారూ, నేను ఎక్స్‌రే చూశాను. లోపల ఎముకా ఎముకా రాసుకుంటున్నాయి. ఎందుకలా చెప్పారు?"

"నీకింకా బోలెడు సర్వీసుందమ్మా. నాది అయిపోయింది" అన్నాడు తీగలాయన.

ఆ అమ్మాయి గేటు దాకా ఆయన మోచెయ్యి పట్టుకుని నడిపించి, ఆటో కదిలేదాకా అక్కడే నిలబడింది. తీగలాయనకి ఆ సాయంత్రం మెట్లు ఎక్కడానికి గంటన్నర పట్టింది.

ఫైలు అక్కడితో మూసుకుపోవాల్సిందే. కానీ మన మంత్రిగారు ప్రతి ఫైలూ స్వయంగా తిరగేసే మనిషి. పథకం మొదలైన పద్నాలుగో రోజున ఈ సైనికుడికి నలభై అయిదు శాతం వైకల్యం ఉందని ఒక కాగితంలో ఉంది. ఇరవై ఎనిమిదో రోజున నొప్పన్నదే లేదని ఇంకో కాగితంలో ఉంది. రెండింటి మీదా బోర్డు ముద్రలున్నాయి. మధ్యలో జరిగిందేమిటయ్యా అంటే, పథకం. మంత్రిగారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసుకున్నారట.

మర్నాడు పేపర్లన్నిట్లోనూ వచ్చింది: 'మీ మోకాలు, మా బాధ్యత' కింద పూర్తిగా నయమైన తొలి లబ్ధిదారు. ముప్పయ్యో రోజున మంత్రిగారే స్వయంగా క్వార్టర్స్‌కి వచ్చి ఆయన్ని సన్మానిస్తారని కూడా వచ్చింది.

సభకి తీగలాయన గంట ముందే ఇంట్లోంచి బయల్దేరాడు. మెట్లు దిగి కిందికి చేరేసరికి చెమటతో చొక్కా తడిసిపోయింది. మంత్రిగారు ఆలస్యంగా రావడం వల్ల ఆరబెట్టుకోడానికి టైము దొరికింది. ఎంతైనా పెద్దవాళ్ళు అన్నీ ఆలోచించే చేస్తారు.

మంత్రిగారు తీగలాయన భుజం మీద చెయ్యి వేసి, మైకు ముందు ఇలా అన్నారు: "ఈయన కింది అంతస్తు ఇల్లు అడిగారని విన్నాను. కింది ఇళ్ళు రోగుల కోసం. మోకాలిని జయించిన వీరుణ్ణి కింద కూర్చోబెడితే అది మా శాఖకే అవమానం. అందుకని ఈ బిల్డింగులో అందరికంటే పైన, అయిదో అంతస్తులో, గాలీ వెలుతురూ బాగా వచ్చే ఇల్లు కేటాయిస్తున్నాను."

చప్పట్లు మోగాయి. తాళంచెవికి ఎర్ర రిబ్బను కట్టి తెచ్చారు. తీగలాయన రెండు చేతులా అందుకున్నాడు. ఫొటోలు తీశారు. ఆయన ఏమన్నా మాట్లాడతాడేమోనని మైకు ముందుకి జరిపారు గానీ, ఆయన అయిదో అంతస్తు కిటికీ ఎక్కడుందా అని తలెత్తి వెతుక్కుంటున్నాడు.

ఆయన భార్య జనాన్ని తోసుకుని ముందుకొచ్చి దణ్ణం పెట్టింది.

"అయ్యా, ఇంత ఇల్లు ఇచ్చారు. మీరే పైకొచ్చి మీ చేత్తో తలుపు తియ్యాలి. ఒక్క కప్పు టీ తాగి వెళ్ళాలి."

"తప్పకుండా తల్లీ" అంటూ మంత్రిగారు రెండడుగులు వేసి, మెట్ల ముందు ఆగి, పైకి చూశారు. "ఎన్ని మెట్లుంటాయమ్మా?"

"తొంభయ్యేనండి."

మంత్రిగారు విలేకరులకి వినపడకుండా ఆవిడ దగ్గరికి వంగారు. "రావాలనే ఉంది తల్లీ. ఈ మోకాళ్ళతో నావల్ల కాదు. కింద మన పథకం క్యాంపు ఆఫీసు పెట్టించాను, కాసేపు అక్కడ కూర్చుని వెళ్తాను."

కింది అంతస్తులో ఖాళీగా ఉన్న ఇంటికి కొత్త బోర్డు వేలాడుతోంది. అక్షరాల రంగు ఇంకా ఆరలేదు. కిటికీ పక్కన, ఎండ పడేచోట, మెత్తటి కుర్చీ వేసి ఉంది. మంత్రిగారు అటు నడిచారు. గుమ్మం ముందు ఉన్న ఒక్క మెట్టూ ఎక్కించడానికి ఇద్దరు అధికారులు చెరో రెక్కా పట్టుకున్నారు, వెనకనుంచి గన్‌మాన్ నడుం పట్టుకుని పైకి లేపాడు.